జాబితాలో ఒకే పేరు, 770 సార్లు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం మాట్లాడడానికి నేను ఎంచుకున్న ఆటగాడి పేరు జాన్ ట్రాలప్. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌ను ఇష్టంగా చూసేవారికి కూడా ఈ పేరు కొత్తగానే ఉండవచ్చు. ఆయన దేశపు అగ్రశ్రేణి డివిజన్‌లో ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడలేదు, జాతీయ జట్టుకు ఎన్నడూ ఎంపిక కాలేదు, గోల్స్ కొట్టడం ఆయన పని కాదు. 1960 నుంచి 1980 వరకు, స్విండన్ టౌన్ అనే ఒకే ఒక్క క్లబ్బుకు, లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే మైదానంలో ఎడమవైపు వెనుక కాపలాగా నిలబడి 770 లీగు మ్యాచ్‌లు ఆడారు. కప్పు పోటీలను కూడా కలిపితే ఆ లెక్క 889కి చేరుతుంది. ఒకే క్లబ్బు తరఫున ఇంగ్లండ్ లీగులో అత్యధిక మ్యాచ్‌లు ఆడిన రికార్డు నలభై మూడేళ్ల పాటు ఆయన పేరిటే నిలిచింది.

ఇలాంటి మనిషి ప్రస్తావన రాగానే అందరి నోటా మొదట వచ్చే మాట విధేయత. ఆ మాటను నేను కాదనను గానీ, దానితో నాకు తృప్తి కలగదు. విధేయత అనేది ఆటగాడి మనసులో ఉండే గుణం. 770 అనే సంఖ్య మాత్రం అతని మనసొక్కటే తీర్మానించగలిగినది కాదు. ప్రతి వారం మ్యాచ్‌కు ముందు మేనేజరు ఒక కాగితం మీద పదకొండు పేర్లు రాస్తాడు. ఆ పదకొండులో ట్రాలప్ పేరు రాయాలా వద్దా అని స్విండన్‌లో ఇరవై ఏళ్లలో ఎవరో ఒకరు ప్రతి వారం కొత్తగా నిర్ణయించుకున్నారు, దాదాపు ప్రతిసారీ రాశారు. నేను చెప్పదలచుకున్నది ఆ పేరు రాయడం గురించే.

ముందుగా ఆయన ఆడిన లోకం ఎలాంటిదో చెప్పుకోవాలి. 1958 నుంచి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగు నాలుగు మెట్లుగా ఉండేది, మొత్తం తొంభై రెండు క్లబ్బులు. మన ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు మరుసటి ఏడాది కూడా అదే లీగులో, అవే జట్లతో ఆడుతుంది. అక్కడ అలా కుదరదు. పై మెట్టులో అడుగున మిగిలినవారు కింది మెట్టుకు దిగాలి, కింది మెట్టులో పైన నిలిచినవారు ఎక్కాలి. అందువల్ల మూడో డివిజన్‌లోని ఒక చిన్న ఊరి క్లబ్బుకు కూడా ఆశ, భయం రెండూ నిజమైనవే. ఆ డివిజన్‌లో ఇరవై నాలుగు జట్లు ఉండేవి కాబట్టి ఒక సీజన్‌కు నలభై ఆరు లీగు మ్యాచ్‌లు. 770ని 46తో భాగించి చూడండి: ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా ఆడినా పదహారున్నర సీజన్లకు పైగా పడుతుంది.

స్విండన్ లండన్‌కు పడమరన, విల్ట్‌షైర్ జిల్లాలో ఉన్న రైల్వే ఊరు. గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1843లో అక్కడ ఇంజన్ల కర్మాగారం తెరిచిన తర్వాతే అది పట్టణంగా ఎదిగింది. బ్రిటిష్ రైల్వే కోసం తయారైన చివరి ఆవిరి ఇంజన్ 'ఈవెనింగ్ స్టార్' 1960 మార్చిలో ఆ కర్మాగారం నుంచే బయటికి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, ఊరికి దక్షిణాన ఉన్న రాటన్ అనే పల్లెలో పుట్టిన పదిహేడేళ్ల ట్రాలప్, కౌంటీ గ్రౌండ్ మైదానంలో స్విండన్ ఎర్ర చొక్కాతో హాలిఫాక్స్ టౌన్ మీద తన తొలి లీగు మ్యాచ్ ఆడాడు. ఊరికి అన్నం పెట్టిన పరిశ్రమలో ఒక యుగం ముగిసిన ఏడాదిలోనే ఆ ఊరి కుర్రవాడి ఇరవై ఏళ్ల పని మొదలైంది.

అప్పటి మేనేజరు బెర్ట్ హెడ్. ఆటగాళ్లను కొనే డబ్బు క్లబ్బు దగ్గర లేదు కాబట్టి ఆయన చుట్టుపక్కల కుర్రాళ్లను ఏరి, పదహారు పదిహేడేళ్లకే పెద్ద జట్టులో నిలబెట్టాడు. మైక్ సమ్మర్‌బీ, ఎర్నీ హంట్, కొంచెం తర్వాత డాన్ రోజర్స్ ఇలా వచ్చినవారే. ట్రాలప్ కూడా వారిలో ఒకడు. 1920 నుంచి లీగులో ఉన్న స్విండన్ ఎన్నడూ రెండో డివిజన్ ముఖం చూడలేదు. ఈ కుర్రాళ్ల జట్టు 1962-63 సీజన్‌లో రెండో స్థానం సాధించి మొదటిసారి ఆ మెట్టు ఎక్కింది. ఆ చలికాలం ఇంగ్లండ్‌లో ఎంత భయంకరమైనదంటే, మైదానాలు వారాల తరబడి మంచుతో గడ్డకట్టుకుపోయి, ఎఫ్.ఎ. కప్పు అనే నాకౌట్ పోటీలో మూడో రౌండ్ ఒక్కటీ పూర్తి కావడానికి 66 రోజులు పట్టింది. ఆగిపోయిన మ్యాచ్‌లన్నీ వసంతకాలంలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆ ఒత్తిడిలో కూడా ట్రాలప్ ఒక్క లీగు మ్యాచ్ వదలలేదు.

ఇక్కడ ఆ కాలపు ఆట గురించి ఒక మాట చెప్పాలి. 1965 వరకు ఇంగ్లండ్ లీగులో సబ్‌స్టిట్యూట్ అనే ఏర్పాటే లేదు. మోకాలు పట్టేస్తే కుంటుతూనే ఆడాలి, లేదా బయటికి పోయి జట్టును పదిమందితో వదిలేయాలి. ఆ ఏడాది ఒక్క సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించారు, అదీ గాయమైతేనే. వెనుకనుంచి వచ్చి కాలు అడ్డం పెట్టే ట్యాకిల్‌ను రిఫరీలు చాలావరకు చూసీ చూడనట్టు వదిలేసేవారు. ఇంగ్లండ్ లీగులో ఎర్ర, పసుపు కార్డులు వచ్చిందే 1976లో. బురద నేల మీద, నీరు పీల్చి బరువెక్కిన తోలు బంతితో, అలాంటి నిబంధనల కింద, ట్రాలప్ 1961 ఏప్రిల్ నుంచి 1968 ఆగస్టు వరకు వరసగా 368 లీగు మ్యాచ్‌లు ఆడాడు. వరస మ్యాచ్‌లలో అప్పటికీ ఇప్పటికీ పెద్ద రికార్డు ట్రాన్‌మియర్ రోవర్స్ డిఫెండర్ హెరాల్డ్ బెల్‌ది, 401 మ్యాచ్‌లు. ఆ లెక్కకు ట్రాలప్ మరి ముప్పై మూడు మ్యాచ్‌ల దూరంలో ఉండగా చేయి విరిగి ఆ వరస తెగిపోయింది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడాను కాబట్టి, ఆ స్థానం ఎంత ఒంటరిదో కొంత తెలుసు. వింగర్, అంటే మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడు, బంతి తీసుకుని గీత వెంట మీ మీదికి వస్తాడు. లోపలికి తిరగాలా, బయటికి ఉరకాలా అన్నది అతని ఇష్టం. ఎప్పుడు తిరగాలో కూడా అతనే నిర్ణయిస్తాడు. మీరు చేయగలిగింది వెనక్కి అడుగులు వేస్తూ, నడుము వంచి, అతను తన నిర్ణయాన్ని బయటపెట్టే వరకు ఓపిక పట్టడం. ఇద్దరిలో ముందుగా కాలు చాపినవాడు ఓడిపోతాడు. తొంభై నిమిషాల్లో ఇది ఇరవై సార్లు జరుగుతుందనుకుంటే, పంతొమ్మిది సార్లు మీరు గెలిచినా ప్రేక్షకులకు గుర్తుండేది ఇరవయ్యోదే. స్ట్రైకర్ లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. అతను పంతొమ్మిది సార్లు తప్పినా ఇరవయ్యోసారి గోల్ కొడితే ఊరు భుజాన ఎత్తుకుంటుంది. డిఫెండర్ పనిని కొలవడానికి ప్రేక్షకుల దగ్గర అంకె లేదు. ఆ అంకె మేనేజరు దగ్గర మాత్రమే ఉంటుంది, అది అతను రాసే పేర్ల కాగితం మీద కనిపిస్తుంది.

ట్రాలప్ పేరు రాసిన మేనేజర్లు ఎవరో వరసగా చూద్దాం. బెర్ట్ హెడ్ 1965లో, జట్టు మళ్లీ మూడో డివిజన్‌కు జారినప్పుడు వెళ్లిపోయాడు. తర్వాత డానీ విలియమ్స్, ఫ్రెడ్ ఫోర్డ్, స్వయంగా గొప్ప ఆటగాడైన డేవ్ మెకే, లెస్ అలెన్, మళ్లీ డానీ విలియమ్స్, చివరికి బాబీ స్మిత్. మొత్తం ఆరుగురు. ఫుట్‌బాల్‌లో కొత్త మేనేజరు రాగానే మొదట చేసే పని పాత జట్టును విప్పి చూడడం. తన మాట చెల్లుతుందని చూపడానికైనా ఇద్దరు ముగ్గురు పాతవారిని పక్కన పెడతాడు. ఈ ఆరుగురూ ఒకే పద్ధతివారు కారు, ఒకే రకమైన ఆటను కోరుకున్నవారూ కారు. అయినా మూడో నంబరు చొక్కా, అంటే లెఫ్ట్ బ్యాక్ చొక్కా, దగ్గరికి వచ్చేసరికి వారంతా అదే నిర్ణయానికి వచ్చారు. నా దృష్టిలో ట్రాలప్‌కు దక్కిన అతిపెద్ద గౌరవం ఇదే.

ఇక విధేయత ప్రశ్నకు వద్దాం. ఆయన తొలి మ్యాచ్ ఆడిన నాటికి ఇంగ్లండ్‌లో ఏ ఫుట్‌బాల్ ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నియమం ఉండేది. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడడంతో 1961 జనవరిలో ఆ పరిమితిని ఎత్తేశారు. దానికంటే కఠినమైన నియమం మరొకటి ఉండేది: కాంట్రాక్టు ముగిసినా సరే, క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు మరో క్లబ్బుకు వెళ్లలేడు. న్యూకాజిల్ నుంచి వెళ్లడానికి పోరాడిన జార్జ్ ఈస్టమ్ దావాలో 1963లో హైకోర్టు ఆ పద్ధతిని వృత్తి స్వేచ్ఛకు తగని అడ్డంకిగా తేల్చింది. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడికి నిజమైన స్వేచ్ఛ రావడానికి మాత్రం 1970ల చివరి దాకా ఆగవలసి వచ్చింది. అంటే ట్రాలప్ స్విండన్‌లో గడిపిన ఇరవై ఏళ్లలో చాలా భాగం, వెళ్లాలా ఉండాలా అన్న నిర్ణయం ఆటగాడి చేతిలో పూర్తిగా లేని కాలం.

అలాగని ఎవరూ వెళ్లలేదని కాదు. సమ్మర్‌బీని 1965లో మాంచెస్టర్ సిటీ కొనుక్కుంది, మూడేళ్లకు అతను లీగు విజేత అయ్యాడు. హంట్ అదే ఏడాది వోల్వర్‌హాంప్టన్‌కు వెళ్లాడు. రోజర్స్ 1972లో క్రిస్టల్ ప్యాలెస్‌కు వెళ్లాడు. వీరంతా ముందు వరసలో ఆడినవారు. చిన్న క్లబ్బుకు డబ్బు కావలసి వచ్చినప్పుడు అమ్ముడుపోయేది గోల్ కొట్టేవాడు, గోల్ పుట్టించేవాడు. మూడో డివిజన్ లెఫ్ట్ బ్యాక్ కోసం పెద్ద మొత్తం పట్టుకుని ఎవరూ రారు. కాబట్టి ట్రాలప్ స్విండన్‌లో ఉండిపోవడంలో ఆయన ఇష్టం ఎంత, ఆ కాలపు చట్టం ఎంత, ఆడిన స్థానం ఎంత అన్నవి విడదీయలేనంతగా కలిసిపోయి ఉన్నాయి. ఇలా చెప్పడం ఆయన గొప్పతనాన్ని తగ్గిస్తుందని నేను అనుకోను. ఎక్కడ ఉండాలన్నది కొంతవరకు ఇతరులు నిర్ణయించినా, అక్కడ ఉండి ఎలా ఆడాలన్నది పూర్తిగా ఆయన చేతిలోనే ఉంది.

ఇప్పుడు 1969కి వద్దాం. ఆ సీజన్ మొదట్లోనే చేయి విరిగిన ట్రాలప్ కోలుకుని జట్టులోకి తిరిగి వచ్చాడు. మూడో డివిజన్‌లో ఉన్న స్విండన్, అన్ని డివిజన్ల క్లబ్బులూ ఆడే నాకౌట్ పోటీ అయిన లీగ్ కప్పులో కోవెంట్రీని, ఆ ఏడాదే రెండో డివిజన్ విజేతగా నిలిచిన డర్బీని, సెమీఫైనల్లో బర్న్‌లీని ఓడించి, ఫైనల్ జరిగే లండన్ వెంబ్లీ స్టేడియానికి చేరింది. ఎదుట మొదటి డివిజన్‌లోని లండన్ క్లబ్బు ఆర్సెనల్. 1969 మార్చి 15, శనివారం. స్టేడియంలో 98,189 మంది. గుర్రాల ప్రదర్శనలతో దెబ్బతిన్న నేల మీద వాన కురిసి, వెంబ్లీ పచ్చిక కాస్తా పొలం దమ్ము చేసినట్టు బురదైంది. ఆర్సెనల్ ఆటగాళ్లలో కొందరు అప్పుడే ఫ్లూ జ్వరం నుంచి లేచి వచ్చారు.

మొదటి సగంలో ఆర్సెనల్ గోల్‌కీపర్ బాబ్ విల్సన్, డిఫెండర్ ఇయాన్ యూర్ మధ్య తికమకలో దొరికిన బంతిని రోజర్ స్మార్ట్ గోల్‌లోకి నెట్టాడు. అక్కడినుంచి దాదాపు యాభై నిమిషాల పాటు ఆట స్విండన్ పెనాల్టీ ప్రాంతం చుట్టూనే తిరిగింది. గోల్‌కీపర్ పీటర్ డౌన్స్‌బరో ఆపిన బంతుల గురించి స్విండన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అతని ముందు నిలిచిన వరస రాడ్ థామస్, ఫ్రాంక్ బరోస్, కెప్టెన్ స్టాన్ హార్లాండ్, ట్రాలప్. ఇక నాలుగు నిమిషాలే ఉందనగా బాబీ గౌల్డ్ తలతో కొట్టిన బంతితో లెక్క సమమైంది. మూడో డివిజన్ జట్టు అక్కడే కూలిపోవాలి. సాధారణంగా జరిగేది అదే.

అదనపు సమయంలో మాత్రం బురదకు ముందుగా అలసిపోయింది ఆర్సెనలే. డాన్ రోజర్స్ మొదట గోల్ ముందు గుంపులో ఒక గోల్ కొట్టాడు. ఆట ముగియబోతుండగా సగం మైదానం ఒంటరిగా పరుగెత్తి, గోల్‌కీపర్‌ను తప్పించి, మరొకటి కొట్టాడు. 3-1. ఆ పరుగు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జ్ఞాపకాల్లో చిరకాలం మిగిలిపోయింది, మిగలవలసినదే. నేను ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నా కన్ను రోజర్స్ వెనుక వదిలిపోయిన నేల మీదికి పోతుంది. రోజర్స్ లెఫ్ట్ వింగర్. అతను వెనక్కి వచ్చి కాపలా కాసే రకం కాదు, కాయమని అతన్ని అడగడం కూడా తెలివితక్కువ పని. అతను ముందుకు ఉరికినప్పుడల్లా ఎడమ పక్కన అరవై గజాల ఖాళీ మిగిలిపోతుంది. ఆ ఖాళీకి కాపలాదారు ట్రాలప్. వెనుక ఎవరున్నారో తెలిసినవాడే అంత నిశ్చింతగా ముందుకు పరుగెత్తగలడు. ఆ ఇద్దరూ ఒకే గీత వెంట ఏళ్ల తరబడి ఆడారు. ఒకరి ఆటను మరొకరి నుంచి విడదీసి చూడడం నాకు సాధ్యం కాదు.

ఆ సీజన్ ముగిసేసరికి స్విండన్ రెండో డివిజన్‌కు కూడా ఎక్కింది. లీగ్ కప్పు గెలిచినవారికి యూరప్ పోటీలో చోటు ఉండేది గానీ, అది మొదటి డివిజన్ క్లబ్బులకే అన్నారు. అందుకు బదులుగా ఏర్పాటైన ఆంగ్లో-ఇటాలియన్ పోటీలో స్విండన్ రోమా జట్టుతో అక్కడ 2-1తో ఓడి, కౌంటీ గ్రౌండ్‌లో 4-0తో గెలిచింది. మరుసటి ఏడాది నేపుల్స్ నగరంలో, నాపోలీ మీద 3-0తో ముందంజలో ఉండగా ప్రేక్షకుల అల్లర్ల వల్ల ఆట ఆగిపోయి, ఆంగ్లో-ఇటాలియన్ కప్పు కూడా వారికే దక్కింది. రైల్వే కార్మికుల ఊరి జట్టు రెండేళ్లలో ఇటలీ క్లబ్బులను ఓడించి రెండు పోటీలు గెలిచింది.

ఆ శిఖరం తర్వాత పదేళ్ల గురించి చెప్పుకోవడానికి కప్పులు లేవు. 1974లో జట్టు మళ్లీ మూడో డివిజన్‌కు దిగింది. ట్రాలప్‌కు అప్పటికి ముప్పై దాటింది. అయినా ఆయన పేరు కాగితం మీద కొనసాగింది. 1978లో బ్రిటిష్ ప్రభుత్వం ఎం.బి.ఇ. పురస్కారం ఇచ్చింది. 1980లో, ముప్పై ఏడేళ్ల వయసులో, పోర్ట్స్‌మత్ తరఫున 764 లీగు మ్యాచ్‌లు ఆడిన జిమ్మీ డికిన్సన్ రికార్డును దాటాడు. డికిన్సన్ కథ వేరు: 1949లోనూ 1950లోనూ లీగు విజేత, ఇంగ్లండ్ తరఫున 48 మ్యాచ్‌లు ఆడినవాడు, తన నలభయ్యో పుట్టినరోజున చివరి మ్యాచ్ ఆడి తప్పుకున్నవాడు. అలాంటి మనిషి పేరును రికార్డు పుస్తకంలో రెండో వరసకు పంపింది, దేశానికి ఒక్కసారైనా ఆడని ఒక మూడో డివిజన్ ఆటగాడు.

ఆ తర్వాత జరిగినది కొంత బాధగా ఉంటుంది, అయినా చెప్పాలి. 1981లో ఆయనే స్విండన్ మేనేజరు అయ్యాడు. అప్పటిదాకా ఆరుగురు రాసిన కాగితం ఇప్పుడు ఆయన చేతికి వచ్చింది. 1982లో క్లబ్బు తన చరిత్రలో మొదటిసారి నాలుగో డివిజన్‌కు పడిపోయింది, 1983లో ఆయన ఆ పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. మంచి డిఫెండర్ మంచి మేనేజరు కావాలన్న నియమం ఎక్కడా లేదు. అంతటి పేరున్నవాడు, ఆ ఊరి పక్కనే పుట్టినవాడు, పదవి పోయాక మొహం చాటేసి వెళ్లిపోతాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన అదే క్లబ్బులో కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలోకి దిగి ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. ఆయన కొడుకు పాల్ ట్రాలప్ కూడా వృత్తి ఆటగాడై, మిడ్‌ఫీల్డర్‌గా వేల్స్ జాతీయ జట్టుకు ఆడాడు.

770 రికార్డు 2023 డిసెంబరులో మిల్టన్ కీన్స్ డాన్స్ ఆటగాడు డీన్ లూయింగ్టన్ దాటాడు. ఆయన కూడా లెఫ్ట్ బ్యాకే, ఆయన ఆట కూడా ఎక్కువగా మూడు నాలుగు డివిజన్లలోనే సాగింది. అతని కథలో ఒక చిక్కు ఉంది: అతను మొదలుపెట్టింది లండన్‌లోని వింబుల్డన్ క్లబ్బులో. 2003లో ఆ క్లబ్బును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించి, మరుసటి ఏడాది పేరు కూడా మార్చారు. ఆగ్రహించిన అభిమానులు అంతకు ముందే తమ సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ట్రాలప్ ఉన్నచోటనే ఉన్నాడు, ఆయన క్లబ్బూ ఉన్నచోటనే ఉంది. లూయింగ్టన్ విషయంలో క్లబ్బే ఊరు మారింది, అతను దానితో వెళ్లి, ఆ కొత్త ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా నిలిచి, 2025లో ఆట మానాడు.

డికిన్సన్ లెఫ్ట్ హాఫ్, అంటే నడిమి వరసలో ఎడమవైపు ఆడేవాడు, ట్రాలప్ లెఫ్ట్ బ్యాక్, లూయింగ్టన్ లెఫ్ట్ బ్యాక్. ఈ రికార్డు ఒకరి నుంచి ఒకరికి మైదానంలో ఎడమవైపునే చేతులు మారింది. దీనికి నాకు తోచిన కారణం ఒకటే. ఎడమవైపు కుదురుగా ఆడగలిగేవారు ఎప్పుడూ తక్కువ. అలాంటివాడు ఒకడు దొరికితే చిన్న క్లబ్బు మేనేజరు ఆ స్థానం గురించి మళ్లీ ఆలోచించనక్కర్లేదు. శుక్రవారం రాత్రి కాగితం ముందు పెట్టుకుని, ముందు వరసలో ఎవరిని దించాలో తేలక తల పట్టుకున్నవాడు కూడా, ఒకటో నంబరు తర్వాత మూడో నంబరు దగ్గర ఆ పేరు ముందే రాసేసి ఉంటాడు.